బాత్రూం నేల కథ: నీళ్లు ఎటు పోతాయి?

ఈ వారం ఎపిసోడ్ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దోహాలో నజ్మా వైపు పాత విల్లాలో ఉంటున్న జగిత్యాల తమ్ముడు అడిగాడు: “అన్నా, మా బాత్రూంల టైల్స్ లేస్తున్నయి. అడుగు పెడితే డబ్‌డబ్ అంటున్నయి. ఓనర్ ఇయ్యాల రేపు అంటుండు. ఫోన్ల వినైల్ ప్లాంక్స్ ఏసే వీడియోలు చూసినం. పాత టైల్స్ మీదనే నలుగురం కలిసి శుక్రవారం నాడు ఏసుకుంటే అయిపోతదా?”

ఎపిసోడ్‌లో సమయం చాలక రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేశాను. కానీ ఆ ప్రశ్న వెనుక పెద్ద కథే ఉంది. ఆ వీడియోల్లో కనిపించే బాత్రూం వేరు, మనం వాడే బాత్రూం వేరు. రెండింటి చరిత్రా వేరు. ఆ తేడా తెలియకుండా ప్లాంక్స్ కొంటే డబ్బులు నీళ్లపాలు. నిజంగానే నీళ్లపాలు! అందుకే ఈసారి బ్లాగులో ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు ఈ వ్యాసం కూడా రాస్తున్నాను. మీలో టైల్స్ మేస్త్రీలు చాలామంది ఉన్నారు, పనిలో నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. నేను చెప్పేది పని గురించి తక్కువ, ఆ పని ఎక్కడి నుంచి వచ్చింది అనేదాని గురించి ఎక్కువ.

ముందుగా మొహెంజొదారో

నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో స్నానానికి ఒక అరుగు ఉండేది. కాల్చిన ఇటుకలను సందు లేకుండా పక్కపక్కన పేర్చి, ఒక మూలకు వాటం ఇచ్చి, అక్కడి నుంచి గోడలో తూము పెట్టి వీధి కాలువలోకి నీళ్లు వదిలేవారు. ఇప్పుడు మన ఊళ్లో మేస్త్రి చేసేది కూడా ఇంతకు భిన్నంగా ఏమీ లేదు.

అక్కడి ‘మహాస్నానఘట్టం’ గురించి బళ్లో చదివే ఉంటారు. 1925–26లో తవ్వకాల్లో బయటపడింది. దాన్ని కట్టినవాళ్లు ఇటుకలను నిలువు అంచు మీద నిలబెట్టి జిప్సం గారతో అతికారు. ఆ వెనుక తారు పొర వేశారు. ఇవాళ దోహాలో కొత్త బిల్డింగుల బాత్రూముల్లో టైల్స్ కింద నల్లగా పూసే వాటర్‌ప్రూఫింగ్ చూశారు కదా, ఇది దాని ముత్తాత అన్నమాట. ఇక్కడ ఒక విషయం పట్టుకోండి: కంటికి కనిపించే ఇటుక నీళ్లను ఆపదు. నీళ్లను ఆపేది కనపడని పొర. ఇటుక పని కాలికి గట్టిగా ఉండటం, నీళ్లను తూము వైపు తోయటం, అంతే. తర్వాత చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

జాలారు, గచ్చు, బండ

మన ఇళ్ల సంగతికి వస్తే, ఇప్పటి యాభై ఏళ్లు దాటినవాళ్లకు ‘అటాచ్డ్ బాత్రూం’ చిన్నప్పుడు తెలియదు. స్నానానికి పెరట్లో తడక చాటు, లేదా ఇంట్లోనే ఒక మూల జాలారు. అక్కడే స్నానం, అక్కడే గిన్నెలు. దొడ్డి ఎక్కడో దూరంగా. నేల సంగతి చూస్తే పేదవాళ్ల ఇంట్లో మట్టి అలుకు, స్నానం చేసే చోట మాత్రం ఒక బండ. కలిగినవాళ్ల ఇంట్లో గచ్చు. గానుగలో రుబ్బిన డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి వేసి, రోజుల తరబడి కొట్టి, నున్నగా రుద్దేవారు. ఆ గచ్చు పనికి ఓపిక కావాలి, కూలీలు కావాలి. తర్వాత సిమెంటు వచ్చింది, ఓపిక పోయింది. అయినా నేలను ‘గచ్చు’ అనే పిలుస్తున్నాం, పేరు పోలేదు.

బండల కథ ఇంకా రుచికరం. తెలంగాణ వాళ్లకు తాండూరు, షాబాదు బండలు. రాయలసీమ వాళ్లకు కడప బండ, బేతంచెర్ల నాపరాయి. ఇవన్నీ సున్నపురాయి జాతి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గనిలోంచి పలకలుగానే లేస్తుంది. గడ్డపారతో, ఉలితో లేపొచ్చు, మిషన్ అక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ల భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. ఆ సున్నపురాయికి శాస్త్రంలో ఇప్పటికీ కడప జిల్లాలోని నర్జి అనే ఊరి పేరే. ఈ 1872ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. తాండూరు ఆ దారిలోనే ఉంది. షాబాదు వాడికి దగ్గర. ఇవాళ అది కర్ణాటకలో ఉన్నా, 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోనిదే. రాయి బరువు సరుకు, ఎడ్లబండి మీద దూరం పోలేదు. రైలు వచ్చాక పోయింది. హైదరాబాద్ పాత ఇళ్లలో, బళ్లలో, స్టేషన్లలో, ఆఫీసుల్లో ఎక్కడ చూసినా ఆ బూడిదరంగు, లేత పసుపు రంగు బండలు కనిపించటానికి కారణం ఇదే.

చిన్న పక్కదారి. పల్నాడులో దొరికే సున్నపురాయి కూడా ఈ కుటుంబంలోదే. అమరావతి స్తూపం మీద బుద్ధుడి కథలు చెక్కింది దాని మీదనే. 1790ల చివర్లో కల్నల్ మెకంజీ చూసేటప్పటికి ఆ దిబ్బను రాళ్ల కోసం తవ్వేస్తున్నారు. కొన్ని పలకలు చెరువు మెట్లకు పోయాయి, కొన్ని కాలి సున్నం అయ్యాయి. బొమ్మ చెక్కిన రాయి కూడా మనవాళ్లకు చివరికి కాలి కింద బండే అయింది. నిష్ఠూరంగా అంటున్నాను అనుకోకండి, ఊళ్లో పనికొచ్చే రాయిని ఎవరు వదులుతారు?

సున్నపురాయికి ఒక బలహీనత ఉంది. యాసిడ్ పడితే బుస్సున పొంగుతుంది, పైపొర కరిగిపోతుంది. మన ఊళ్లలో బాత్రూం బండలు గుంటలు పడి, గరుకెక్కి, మురికి పట్టేది చాలావరకు యాసిడ్ బాటిల్ పుణ్యమే. టైల్స్ మధ్య సిమెంటు గీతలనూ అది అలాగే తినేస్తుంది. ఇళ్లలో పనిచేసే అక్కలు, చెల్లెళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినండి: యాసిడ్‌నూ క్లోరాక్స్‌నూ ఎప్పుడూ కలపొద్దు. కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. మేడమ్ తొందర పెట్టినా సరే, ఒకటి పూర్తిగా కడిగాకే రెండోది.

ఖతార్‌లో నీటి లెక్క

ఇక మనం ఉంటున్న ఈ దేశం. దోహా నుంచి ఉత్తరంగా వంద కిలోమీటర్ల పైన పోతే అల్ జుబారా వస్తుంది. 18వ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన ఊరు, 1811లో ధ్వంసమైంది, తర్వాత మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అందరూ అక్కడి కోట ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ‘మద్బసా’ అనే చిన్న గదుల సంగతి. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చే గది అది. నేల మీద గారతో గట్లు గట్లుగా కాలువలు తీర్చారు. బస్తాల బరువుకి కారిన ఖర్జూరపు పాకం ఆ కాలువల్లో జారి ఒక మూల కుండలోకి చేరుతుంది. బొట్టు వృథా పోదు. వాటం అంటే ఏంటో తెలిసినవాళ్ల పని అది.

మరి నీళ్లకు? ఇక్కడ నీళ్లు బావి నుంచి మోసుకొచ్చేవే, అవీ ఉప్పగానే ఉండేవి. మెట్రో ఎక్కే మ్షైరబ్ ఉంది కదా, ఆ పేరుకు అర్థమే నీళ్లు తాగే చోటు అని. అలాంటి దేశంలో సామాన్యుల ఇళ్లలో నేల అంటే గట్టిపడ్డ మట్టి, ఇసుక, దాని మీద చాప. బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగే బాత్రూం ఊహకు కూడా అందదు.

1940 మొదట్లో దుఖాన్‌లో చమురు పడింది. యుద్ధం వచ్చి పనులు ఆగిపోయాయి. చివరికి 1949 డిసెంబరు ఆఖరున మొదటి ఓడ చమురుతో కదిలింది. ఆ ఓడ కదిలిన రేవు ఉమ్ సయీద్, అంటే ఇప్పటి మెసాయిద్. అదీ గుర్తుపెట్టుకోండి. ఆ డబ్బుతో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు వచ్చాయి, కరెంటు వచ్చింది, కాంక్రీటు విల్లాలు వచ్చాయి, వాటిలో టైల్స్ బాత్రూములు వచ్చాయి. మొజాయిక్ పలకలు, తర్వాత సెరామిక్. వేసింది ఎవరంటే ఎక్కువగా మన ఉపఖండం మేస్త్రీలే. ఆ తొలి చమురు కంపెనీ కార్మికుల కథ చూడాలంటే మ్షైరబ్ మ్యూజియంలలో ‘కంపెనీ హౌస్’ ఉంది. సెలవు రోజున వెళ్లండి. మనలాంటివాళ్ల గురించి మ్యూజియం కట్టడం అరుదు.

ఆ తరం విల్లాలే ఇప్పుడు బ్యాచిలర్ గదులు అయ్యాయి. కుటుంబాలు ఉండే ప్రాంతాల్లో కార్మికుల వసతి పెట్టకూడదని 2010లో చట్టం వచ్చింది. మనిషికి కనీసం 6 చదరపు మీటర్లు, గదికి నలుగురికి మించొద్దని 2014లో నిబంధన వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియా పక్కన లేబర్ సిటీ లాంటివి వచ్చాయి. అయినా పాత విల్లాల్లో అద్దెకు ఉండేవాళ్లు ఉన్నారు, అక్కడ బాత్రూం బాగుచేయించటానికి ఓనర్లకు పెద్దగా ఆసక్తి ఉండదు. ఒక కుటుంబం కోసం కట్టిన బాత్రూంలో తెల్లవారుజామున నాలుగింటికి పది మంది వరుసగా స్నానం చేస్తే టైల్ కింద సిమెంటు ఎన్నాళ్లు ఆగుతుంది చెప్పండి?

పొడి బాత్రూం పుట్టిన చోటు

వినైల్ పుట్టింది పూర్తిగా వేరే లోకంలో. యూరప్, అమెరికా చలి దేశాలు. అక్కడ స్నానం అంటే తొట్టిలో కూర్చోవటం. నీళ్లు తొట్టిలోనే ఉంటాయి, తొట్టి అడుగు నుంచే పోతాయి. నేల మీద తూము చాలా ఇళ్లలో ఉండదు. ఇంటి నేల చెక్క. ఆ చెక్క మీద నాలుగు బొట్లు చిందితే తుడుచుకోవటానికి ఒక పైపొర కావాలి. అంతే వాళ్లకు కావాల్సింది.

ఆ అవసరానికి మొదట వచ్చింది లినోలియం. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ 1863లో పేటెంటు తీసుకున్నాడు. అవిసె నూనెను గాలికి గట్టిపరిచి, బెండు పొడి, రంపపు పొట్టు కలిపి గోనెపట్టా మీద పరిచాడు. పేరు కూడా లాటిన్‌లో అవిసె, నూనె అనే మాటల కలయికే. ఆ గోనెకు కావాల్సిన జనపనార బెంగాల్ నుంచి పోయేది. అంటే దొరల వంటింటి నేలకు అడుగున ఉన్నది మన రైతు పంటే.

ఇక 1872. విలియం కింగ్ నివేదిక అచ్చయిన ఆ ఏడాదే జర్మనీలో యూజెన్ బౌమన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎండలో పెట్టిన సీసాలో తెల్లటి పొడి ఏర్పడటం చూశాడు. అదే పి.వి.సి. గట్టిగా, పెళుసుగా ఉండటం వల్ల అప్పట్లో ఎవరికీ పనికిరాలేదు. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సీమన్ రబ్బరును ఇనుముకి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పి.వి.సి.ని మెత్తబరిచే కిటుకు కనిపెట్టాడు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేల పలకలు చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అవి ఇళ్లలోకి దూసుకొచ్చాయి. చవక, రంగులు, తుడిస్తే మెరుపు.

ఇందులో ఒక విషాదం ఉంది. ఆ పాతతరం పలకల్లో గట్టిదనం కోసం ఆస్బెస్టాస్ నార కలిపేవారు, అమెరికాలో 1980ల దాకా. తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, కింద నల్లటి జిగురు కనిపిస్తే చాలా జాగ్రత్త. పలక చెక్కు చెదరకుండా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. గీకినా, పగలగొట్టినా, గ్రైండర్ పెట్టినా ఆ నార గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. ఎప్పుడో ఇరవై, ముప్పై ఏళ్లకు జబ్బుగా బయటపడుతుంది. పాత బిల్డింగుల డెమోలిషన్ పనికి పోయే తమ్ముళ్లు, ఫోర్‌మన్ “ఏం కాదు” అన్నా సరే, అలాంటి నేల కనిపిస్తే పరీక్ష చేయించమని అడగండి. అడగటం మీ హక్కు.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. 1990ల్లో స్వీడన్‌లో వాలింగె, బెల్జియంలో యూనిలిన్ అనే సంస్థలు జిగురు లేకుండా పలకను పలకలోకి టక్‌మని ఇరికించే తాళం తయారుచేశాయి. మొదట చెక్క ల్యామినేట్ కోసం వచ్చింది, తర్వాత వినైల్‌కూ వచ్చింది. ‘మీ ఇంటి నేల మీరే వేసుకోండి’ అనే వీడియోలన్నీ ఆ తాళం పుణ్యమే. మేస్త్రి అక్కర్లేదు, కత్తి, స్కేలు, రబ్బరు సుత్తి చాలు. అమెరికాలో, యూరప్‌లో మేస్త్రి కూలి ఎక్కువ, అందుకే అక్కడ అది అంత బాగా నడిచింది.

ఇప్పుడు షాపుల్లో దొరికే గట్టి ప్లాంకులను ఎస్.పి.సి. అంటారు. చెక్కలా కనిపించేది పైన అచ్చువేసిన పలుచటి ఫిల్ము, దాని మీద అరుగుదలకు ఆగే పారదర్శక పొర. లోపలి గుజ్జులో ఏముందో తెలుసా? సగానికి పైగా సున్నపురాయి పొడి. మిగతాది పి.వి.సి. అంటే తాండూరులో, బేతంచెర్లలో పలకగా లేచే రాయి జాతినే ఎక్కడో పిండి చేసి, ప్లాస్టిక్‌తో అతికి, దాని మీద చెక్క బొమ్మ వేసి మనకు అమ్ముతున్నారు.

ప్లాస్టిక్ వైపు చూస్తే దారి మళ్లీ మెసాయిద్‌కే పోతుంది. 1997లో అక్కడ ఖతార్ వినైల్ కంపెనీ పెట్టారు, 2001లో ఉత్పత్తి మొదలైంది. గ్యాస్ నుంచి వచ్చే ఇథిలీన్, ఉప్పు నుంచి వచ్చే క్లోరిన్ కలిపి పి.వి.సి.కి ముడిసరుకు తయారుచేస్తారు. పి.వి.సి. బరువులో సగం కన్నా ఎక్కువ క్లోరినే. నజ్మా బాత్రూంలో వేయబోయే ప్లాంకులో ఏ దేశపు గ్యాస్ ఉందో చెప్పలేం. కానీ మెసాయిద్‌లో షట్‌డౌన్ పనులకు పోయి పైపులకు స్కఫోల్డింగ్ కట్టిన మనోళ్లు ఈ సరుకు పుట్టుకను కళ్లారా చూసినవాళ్లే.

ఇంటి దగ్గర టైల్స్

మనం ఇక్కడి నుంచి పంపిన డబ్బుల్లో పెద్ద వాటా ఇంటికే పోయింది. ఆ ఇంట్లో బండ పోయి మొజాయిక్ వచ్చింది, మొజాయిక్ పోయి గ్రానైట్, టైల్స్ వచ్చాయి. టైల్ తయారీకి మూలం కూడా ఇంగ్లండే. 1840లో రిచర్డ్ ప్రాసర్ పొడి మట్టిని అచ్చులో నొక్కి పలక చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ గుజరాత్ మోర్బీలో జరిగేది దాని పెద్ద రూపమే. అక్కడి బట్టీలు 2019లో హరిత ట్రిబ్యునల్ ఆదేశంతో బొగ్గు గ్యాస్ వదిలి సహజవాయువు వైపు మళ్లాయి. 2004 నుంచి దహేజ్ రేవులో ఖతార్ గ్యాస్ దిగుతోంది కాబట్టి, మన ఇంటి టైల్ కాలిన మంటలో ఎంతో కొంత ఖతార్ వాటా ఉందనుకోవచ్చు.

గోదావరి వాళ్లకు రీజెన్సీ సెరామిక్స్ గుర్తుంటుంది, యానాంలో ఉండేది. ఎంతమందికో కూడు పెట్టింది. 2012 జనవరి గొడవల్లో ఒక యూనియన్ నాయకుడు, కంపెనీ పెద్ద అధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు, ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడింది. ఆ తర్వాత అక్కడి కుర్రాళ్లలో గల్ఫ్ దారి పట్టినవాళ్లు ఉన్నారు. ఇది వేరే ఎపిసోడ్‌కు సరిపడే విషయం, ఇక్కడ వదిలేస్తున్నాను.

నాకు కోపం వచ్చే సంగతి ఒకటి చెప్తాను. వీడియో కాల్‌లో చూసి, మెరుస్తోందని, హాల్లో వేసిన నున్నటి విట్రిఫైడ్ టైల్‌నే బాత్రూంలోనూ వేయించేస్తున్నాం. ఇంట్లో ఉండేది ఎవరు? అమ్మా నాన్నా. తడి నేల మీద, సబ్బు నురగ మీద, డెబ్బై ఏళ్ల కాలు జారితే తుంటి ఎముకే. మనం ఇక్కడి నుంచి టికెట్ బుక్ చేసుకుని చేరేలోపు ఆపరేషన్ కూడా అయిపోతుంది. పాత తాండూరు బండ అందంగా ఉండకపోవచ్చు, కానీ పాలిష్ పెట్టని బండ తడిలో కాలిని పట్టుకుంటుంది. దాన్ని పీకించి అద్దం లాంటి టైల్ వేయించటం ప్రగతి అని నేను అనుకోను. వేయించాలంటే గరుకు టైల్, చిన్న సైజుది, గోడకు పట్టుకోవటానికి ఒక స్టీలు రాడ్. కొత్త టైల్స్ ఖర్చుతో పోలిస్తే ఆ రాడ్ ఖర్చు ఎంత?

ఇంకొక మాట టైల్స్ వేసే మీ గురించే. పాత టైల్ పగలగొట్టేటప్పుడు, గ్రైండర్‌తో కోసేటప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. దాన్ని ఏళ్లపాటు పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, దానికి మందు లేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు. నీళ్లు చల్లుతూ కోయాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి. మోకాళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వినైల్‌కు నేను మార్కులు వేసేది ఇక్కడ. కత్తితో గీత గీసి విరిస్తే విరుగుతుంది, దుమ్ము లేదు. పాత టైల్ పీకకుండా పైన వేయొచ్చు. అందం కన్నా ఇదే దాని అసలు గుణం.

నజ్మా తమ్ముడికి జవాబు

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం తమ్ముడూ. మన బాత్రూం నేల నాలుగు వైపుల నుంచి తూము వైపు వాలి ఉంటుంది, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా. క్లిక్ ప్లాంకు మూడు నాలుగు అడుగుల పొడవు. అది చదును నేల కోసం తయారైంది. రెండు మీటర్ల దూరంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాలకు మించి ఒప్పుకోదు. తూము చుట్టూ నాలుగు వాటాలు కలిసే చోట దాన్ని వేస్తే, కింద ఖాళీ వదిలి వంతెనలా నిలబడుతుంది. నడిచిన కొద్దీ తాళాలు విరుగుతాయి. పైగా డబ్బా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉంటుంది. నిజమే, ప్లాంకు నానదు. కానీ అంచుల నుంచి నీళ్లు కిందికి దిగుతాయి, దిగిన నీళ్లకు ఆరే దారి ఉండదు. రెండు నెలల్లో వాసన మొదలవుతుంది. ఇక టైల్స్ డబ్‌డబ్ అంటున్నాయంటే కింద ఇప్పటికే పట్టు పోయిందన్నమాట. ఊగే దాని మీద ఏం వేసినా ఊగుతుంది.

కాబట్టి ముందు ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, వాట్సాప్‌లో అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. లేకపోతే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోస్తారు. తర్వాత నాణెంతో ప్రతి టైలునూ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవాటికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. షవర్ కింద, తూము చుట్టూ ఉన్న భాగంలో వినైల్ వద్దు. అక్కడ లేచిన టైల్స్ తీసి, కింద సిమెంటు ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు పూసి, వాటం చెడకుండా చిన్న గరుకు టైల్స్ మళ్లీ అతకాలి. ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. తూము దగ్గరికి వాటంతట అవే పోవాలి, మూలల్లో నిలవకూడదు. మీ నలుగురిలో మేస్త్రి పని తెలిసినవాడు ఉంటే ఒక శుక్రవారం ఆ పనికి, ఇంకో శుక్రవారం ఆరటానికి పడుతుంది. ఆ వారం స్నానాలు పక్క గదివాళ్ల బాత్రూంలో, వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

బేసిన్ ముందు, తలుపు దగ్గర నీళ్లు నిలవని పొడి భాగం ఉంటే అక్కడ వినైల్ వేసుకోవచ్చు. అదీ క్లిక్ ప్లాంకు కన్నా ఒకే ముక్క వినైల్ షీటు మేలు. ఆసుపత్రుల్లో, రైలు పెట్టెల్లో వాడేది అదే, అతుకులు ఎంత తక్కువైతే నీళ్లకు దారి అంత తక్కువ. ఆసుపత్రిలో గమనిస్తే షీటును గోడ మీదకు కూడా వంచి ఎక్కిస్తారు. పాత టైల్స్ మధ్య గీతలను లెవలింగ్ పేస్టుతో నింపి, ఆరాక జిగురుతో అతికించండి. అంచులకు సిలికాన్ పూయండి. ప్లాంకులే కావాలనుకుంటే గోడ చుట్టూ ఆరు మిల్లీమీటర్ల సందు వదలండి. సెలవు మీద అందరూ ఊరెళ్లి, ఆగస్టులో ఏసీ ఆపేసిన గదిలో పి.వి.సి. సాగుతుంది. సందు లేకపోతే మధ్యలో గుర్రపు వీపులా లేస్తుంది. తలుపు అడుగు తగులుతుందేమో కూడా ముందే కొలుచుకోండి, వేశాక తలుపు తీయాల్సి వస్తే అది ఓనర్‌తో ఇంకో పంచాయితీ.